బైబిల్ పేజీలో లేని ఎలిజబెత్

వంశవృక్షం శీర్షిక: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అయ్యా, నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లె. ఇప్పుడు అడిలైడ్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. కోడలు ఇక్కడి పిల్లే. వాళ్ల పూర్వీకులు ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో రెడ్‌రూత్ ప్రాంతం వాళ్లు. 1855లో ఓడెక్కి వచ్చి బుర్రా రాగిగనుల్లో పనికి కుదిరారు. వాళ్లింటి పాత బైబిల్ మొదటి పేజీలో నలుగురు పిల్లల పేర్లు, పుట్టిన సంవత్సరాలు ఉన్నాయి: జాన్ 1843, మేరీ ఆన్ 1846, విలియం 1853, గ్రేస్ 1858. ఇంగ్లండ్ 1851 జనాభా లెక్కల్లో చూస్తే అదే ఇంట్లో ఎలిజబెత్‌కు 10, జాన్‌కు 7, మేరీ ఆన్‌కు 5, విలియంకు 2 ఏళ్లని ఉంది. ఓడ జాబితాలో 'దంపతులు, నలుగురు పిల్లలు' అని అంకె వేశారు తప్ప పిల్లల పేర్లు రాయలేదు. ఏ కాగితానికీ ఇంకోదానితో పొంతన కుదరడం లేదు. నా మనవడికి మా వైపు ఏడు తరాలు చెప్పగలను. తల్లి వైపు కూడా చెప్పాలని ఆశ. అసలు ఎంతమంది పిల్లలు? మిగతావాళ్లు ఏమయ్యారు?
— ఒక పాఠకురాలు, అడిలైడ్

జవాబు: అమ్మా, మీ దగ్గరున్న మూడు కాగితాలూ నిజమే చెబుతున్నాయని నా నమ్మకం. ఒక్కోటి ఒక్కో రోజు సంగతి చెబుతోంది, అంతే. 1851 మార్చి 30 రాత్రి ఆ ఇంట్లో ఎవరు పడుకున్నారో జనాభా లెక్క చెబుతుంది. 1855లో ఏ భాగంలో ఎంతమందికి చోటిచ్చారో ఓడ జాబితా చెబుతుంది. బైబిల్ పేజీ ఏ రోజున రాసిందో ముందు తేల్చుకోవాలి. కోడలిని అడిగి ఆ బైబిల్‌ను వెలుతురులో పెట్టి చూడండి. అది అచ్చయిన సంవత్సరం ముఖపత్రం మీద ఉంటుంది. 1858 తర్వాత అచ్చయిన ప్రతి అయితే నలుగురి పేర్లూ తర్వాతెప్పుడో ఒకేసారి కూర్చుని రాసినట్టే. నాలుగు పేర్లకూ ఒకే సిరా, ఒకే చేతిరాత ఉన్నా అదే అర్థం. అలా రాసేటప్పుడు తల్లులు చాలాసార్లు అప్పటికి బతికున్న పిల్లల్నే, అందులోనూ కళ్లెదుట ఉన్నవాళ్లనే రాశారు.

ముందు విలియం సంగతి. 1851లో రెండేళ్లవాడు 1853లో పుట్టి ఉండడు. వాళ్లు ఇద్దరు విలియంలు. మన పల్లెల్లో పిల్లలు దక్కకపోతే ఆ తర్వాత పుట్టినవాడికి పెంటయ్య అనో పుల్లయ్య అనో పేరు పెట్టేవాళ్లు. కార్న్‌వాల్ వాళ్లు పోయిన బిడ్డ పేరే మళ్లీ పెట్టేవాళ్లు. పెద్ద విలియం 1851కీ 1853కీ మధ్య రెడ్‌రూత్ రిజిస్ట్రేషన్ జిల్లాలో పోయి ఉండాలి. పుట్టుకలు, మరణాలు నమోదు చేసే ఇంగ్లండ్ జనరల్ రిజిస్టర్ ఆఫీసు తన సైట్‌లో పెట్టిన కొత్త సూచికలో 1837 నుంచీ జరిగిన మరణాలకు వయసు కూడా ఇచ్చారు. పాత సూచికల్లో 1866కు ముందు వయసు ఉండదు కాబట్టి కొత్తదే చూడండి. రెండు, మూడు, నాలుగేళ్ల విలియంలలో మీ ఇంటిపేరు వాడు దొరికితే సర్టిఫికెట్ తెప్పించండి. చిన్నపిల్లల డెత్ సర్టిఫికెట్‌లో మామూలుగా తండ్రి పేరూ వృత్తీ రాస్తారు. అక్కడ మీ గని కార్మికుడి పేరుంటే ఇక అనుమానం అక్కర్లేదు.

ఇంటర్నెట్‌లో జనం పెట్టిన వంశవృక్షాల్లో ఇలాంటి ఇద్దరు విలియంలను కలిపేసి ఒక్కడిని చేసిన చెట్లు ఎన్నో చూశాను. ఒకరు తప్పు రాస్తే నలభైమంది ఎత్తిరాస్తారు. బతికి రెండేళ్లకే పోయిన బిడ్డ అలా రెండోసారి పోతాడు. నాకు కోపం తెప్పించేది ఇదొక్కటే. దయచేసి ఆ చెట్లు చూసి మీ పట్టిక నింపకండి.

ఇప్పుడు ఎలిజబెత్. 1851లో 10 ఏళ్లంటే 1855కు 14. ఈ సంఖ్యే ముఖ్యం. సర్కారు ఖర్చుతో వలస వెళ్లే ఓడల్లో కుటుంబాన్నంతా ఒకచోట ఉంచేవాళ్లు కాదు. నడిమి భాగంలో దంపతులు, వాళ్ల చిన్నపిల్లలు. ముందు భాగంలో పెళ్లికాని మగవాళ్లు. వెనక భాగంలో మేట్రన్ అనే పర్యవేక్షకురాలి కాపలాలో పెళ్లికాని ఆడవాళ్లు. 14 నిండితే పిల్లని పెద్దవాళ్లలో జమకట్టేవాళ్లు. జాబితా కూడా ఆ విభాగాల వారీగానే రాసేవాళ్లు. కాబట్టి 'నలుగురు పిల్లలు' అన్న లెక్కలో ఎలిజబెత్ లేకపోవచ్చు. అదే ఓడ జాబితాలో ఒంటరి స్త్రీల పేజీకి వెళ్లి, మీ ఇంటిపేరుతో 'పనిమనిషి' అని వృత్తి రాసిన 14, 15 ఏళ్ల పిల్ల కోసం చూడండి. తల్లిదండ్రుల పేరు పక్కన ఉండదు, అందుకే అంతా ఆమెను దాటేసి పోతారు.

అక్కడ లేకపోతే ఆమె ఊళ్లోనే ఉండిపోయి ఉండవచ్చు. అమ్మమ్మ దగ్గరో, ఎవరింట్లోనో పనికో. అప్పుడు 1861 కార్న్‌వాల్ జనాభా లెక్కల్లో 20 ఏళ్ల ఎలిజబెత్‌ను వెతకాలి. 1851 నుంచి ఆ లెక్కల్లో ఇంటి యజమానికి ఏమవుతారో, ఏ పారిష్‌లో, అంటే ఏ చర్చి పరిధిలో పుట్టారో రాస్తారు. 'మనవరాలు' అని కనిపిస్తే పని చాలా తేలికవుతుంది. తాత వీలునామా కూడా చూడండి. 1858 జనవరి నుంచి ఇంగ్లండ్, వేల్స్ వీలునామాలన్నీ ఒకే కేంద్ర సూచికలో ఉన్నాయి.

ఓడలో నలుగురు అన్నారు కదా. 1855 నాటికి జాన్, మేరీ ఆన్, రెండో విలియం. గ్రేస్ అప్పటికి పుట్టలేదు. మరి నాలుగోవాళ్లు ఎవరు? పుట్టిన సంవత్సరాలు వరసగా రాసి చూడండి: 1841, 1843, 1846, 1849, 1853, 1858. చంటిబిడ్డ పాలు తాగే కాలం కలుపుకుని ఆ రోజుల్లో కాన్పుకూ కాన్పుకూ రెండు, మూడేళ్లు పట్టేది. 1849కీ 1853కీ మధ్య ఒక ఖాళీ, 1853కీ 1858కీ మధ్య ఇంకో ఖాళీ ఉన్నాయి. జనాభా లెక్క తర్వాత, అంటే 1851లో, ఒక బిడ్డ పుట్టి ఓడెక్కి ఉండాలి. లేదా 1855లో పొత్తిళ్ల బిడ్డతో బయల్దేరి ఉండాలి. ఆ బిడ్డ పేరు మీ దగ్గరున్న ఏ కాగితంలోనూ లేదు.

అలాంటి బిడ్డను నేరుగా వెతకలేం. దొరికిన బిడ్డల కాగితాలే దారి చూపాలి. ముందు జాన్ బర్త్ సర్టిఫికెట్ తెప్పించుకోండి. అందులో తల్లి పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది. చర్చి బాప్తిస్మం రిజిస్టర్లో తల్లి పేరు ఒక్కటే రాస్తారు, పుట్టింటిపేరు ఉండదు కాబట్టి అది చాలదు. ఆ ఇంటిపేరు చేతిలో ఉంటే జనరల్ రిజిస్టర్ ఆఫీసు సూచికలో మీ ఇంటిపేరు, తల్లి పుట్టింటిపేరు, రెడ్‌రూత్ జిల్లా అని ఇచ్చి 1840 నుంచి 1855 దాకా వెతకండి. మగపిల్లలకు ఒకసారి, ఆడపిల్లలకు ఒకసారి. ఈ సూచికలో 1837 నుంచే తల్లి పుట్టింటిపేరు ఉంది. పాత త్రైమాసిక సూచికల్లో అది 1911లో గాని మొదలవలేదు. కార్న్‌వాల్‌లో ఒకే ఇంటిపేరు పారిష్ నిండా ఉంటుంది, జాన్‌లూ విలియంలూ వీధికి నలుగురు. తల్లి పుట్టింటిపేరు లేకుండా వాళ్లను విడదీయడం ఎవరి తరమూ కాదు.

సూచికలో బిడ్డ కనబడలేదని పుట్టలేదని అనుకోవద్దు. పుట్టుక నమోదు చేయించే బాధ్యత చట్టప్రకారం తల్లిదండ్రుల మీద పడింది 1875 నుంచే. అంతకు ముందు చాలామంది వదిలేశారు. గని కుటుంబాలు ఎక్కువగా ఇంగ్లండ్ చర్చి నుంచి విడిపోయిన మెథడిస్టు శాఖవాళ్లు కాబట్టి ఊరి పెద్ద చర్చి రిజిస్టరుతో ఆగకుండా మెథడిస్టు సర్క్యూట్ (కొన్ని ప్రార్థనా మందిరాల కూటమి) బాప్తిస్మాలు చూడాలి. కార్న్‌వాల్ ఆన్‌లైన్ పారిష్ క్లర్క్స్ అని స్వచ్ఛంద కార్యకర్తలు వీటిని ఎక్కించి ఉచితంగా పెట్టారు. ఫ్యామిలీసెర్చ్ అన్న వంశవృక్షాల సైట్ కూడా ఉచితమే. అసలు రిజిస్టర్లు చాలావరకు రెడ్‌రూత్‌లోనే, 2019లో తెరిచిన క్రెసెన్ కెర్నో అన్న అభిలేఖాగారంలో ఉన్నాయి.

బిడ్డ సముద్రం మీద పోయి ఉండవచ్చు కూడా. ఆ ప్రయాణం మూడు నెలలపైన. తట్టు, విరేచనాలు చిన్నపిల్లల్ని ముందు తీసుకుపోయేవి. ఓడ డాక్టరు (సర్జన్) రాసిన నివేదిక దొరికితే పుట్టినవాళ్లు, పోయినవాళ్లు అందులో ఉంటారు. ఓడలో పుట్టిన బిడ్డకు ఓడ పేరో కెప్టెన్ పేరో పెట్టడం వాళ్ల అలవాటు, అది గుర్తుంచుకోండి.

దిగాక దక్షిణ ఆస్ట్రేలియా. మీరున్న చోటే కాబట్టి ఇది తేలిక. అక్కడ నమోదు 1842 జూలైలోనే మొదలైంది. జినియాలజీ సౌత్ ఆస్ట్రేలియా సంఘం సూచికల్లో మీ ఇంటిపేరుతో 1855 నుంచి 1860 దాకా పోయిన పిల్లల్ని చూడండి. బుర్రా పిల్లలకు మంచి చోటు కాదు. 1851లో అక్కడ దాదాపు 1,800 మంది వాగు గట్టును తవ్వుకుని ఆ బొరియల్లో కాపురాలు చేశారు. ఆ వాగు నీళ్లే మురుగు కూడా. 1861లో మూంటాలో రాగి బయటపడ్డాక చాలా కుటుంబాలు అటు తరలాయి. మూంటా శ్మశానంలో గుర్తులేని పిల్లల సమాధులు వరసలు వరసలుగా ఉన్నాయి. రాయి లేదని ఆగకండి, ఖనన రిజిస్టరు అడగండి.

దక్షిణ ఆస్ట్రేలియా డెత్ సర్టిఫికెట్లు ఆ కాలంలో చాలా పీనాసివి. పెద్దవాళ్లు చనిపోతే తల్లిదండ్రుల పేర్లు కూడా ఉండవు. పక్కనున్న విక్టోరియా కాలనీవి అలా కావు. 1853 నుంచి అక్కడ తల్లిదండ్రుల పేర్లు, తల్లి పుట్టింటిపేరు, పుట్టిన ఊరు, కాలనీల్లో ఎన్నేళ్లున్నారు, పెళ్లి ఎక్కడైంది, పిల్లలెవరు, ఎవరి వయసెంత అని అన్నీ రాయించారు. పోయిన పిల్లల్ని కూడా. అందుకే మీ కుటుంబంలో బంగారం కోసం బల్లారట్‌కో బెండిగోకో వెళ్లిన మనిషిని పట్టుకోండి. ఎలిజబెత్ ఓ గనివాణ్ణి చేసుకుని అటు వెళ్లి ఉంటే, పెళ్లయ్యాక ఆమె ఇంటిపేరు ఏమైందో మీకు తెలియకపోయినా విక్టోరియా సూచికలో తల్లిదండ్రుల పేర్లతో వెతకవచ్చు. తల్లి పుట్టింటిపేరు అక్కడ మళ్లీ అక్కరకొస్తుంది.

చివరిగా ట్రోవ్. ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయం పాత పత్రికలను ఉచితంగా పెట్టిన చోటు. జాన్‌ది, గ్రేస్‌ది సంతాప వార్తలు వెతకండి. 'బెండిగోలో ఒక అక్క, జోహానెస్‌బర్గ్‌లో ఒక తమ్ముడు ఉన్నారు' అన్న ఒక్క వాక్యం దొరికితే చాలు. గ్రేస్ మీ వరసలో అందరికన్నా చిన్నది, అందరికన్నా చివర పోయి ఉంటుంది. సంతాప వార్తల్లో ఆమెదే ముందు వెతకండి. ఎలిజబెత్ దొరికితే ఉత్తరం రాయండి. నాకూ తెలుసుకోవాలనుంది.

ప్రశ్న: మా తాత కోలారు బంగారు గనుల్లో ఒక కార్నిష్ (కార్న్‌వాల్ నుంచి వచ్చిన) కెప్టెన్, అంటే గని పర్యవేక్షకుడి కింద మేస్త్రీ. ఆ కెప్టెన్ మునిమనవరాలు ఇంగ్లండ్ నుంచి మాకు రాసింది. వాళ్ల తాత తోబుట్టువులు ఇద్దరు గనుల దగ్గర పుట్టి అక్కడే పోయారట. ఇక్కడ మేమేం చూడగలం?
— ఒక పాఠకుడు, కుప్పం

జవాబు: నాదీ కుప్పమే, మా నాన్నా కోలారులోని ఛాంపియన్ రీఫ్ గనిలో పనిచేశాడు. అందుకని ఈ ఉత్తరం రెండుసార్లు చదివాను. 1880ల నుంచి జాన్ టేలర్ అండ్ సన్స్ వాళ్లు కార్న్‌వాల్ నుంచి కెప్టెన్లను, గని పనివాళ్లను తెచ్చారు. మీరు వెతకడానికి ముందు ఆమెనే ఒక పని చేయమనండి. 1911లో కెప్టెన్ భార్య ఇంగ్లండ్‌లో ఉండి ఉంటే ఆ ఏడాది జనాభా లెక్కల ఫారం చూడమనండి. ఈ పెళ్లిలో ఎంతమంది బిడ్డలు ప్రాణంతో పుట్టారు, ఎంతమంది ఉన్నారు, ఎంతమంది పోయారు అని ఆ ఫారంలో అడిగారు. పోయినవాళ్లు ఇద్దరేనా, ఇంకా ఉన్నారా అన్నది అక్కడే తేలిపోతుంది. పిల్లల్ని చదువుకు ముందే తాతల ఇంటికి పంపేవాళ్లు కాబట్టి 1901లోనూ కార్న్‌వాల్‌లో 'ఇండియాలో పుట్టినవాడు' అన్న పిల్లలు కనబడతారు.

ఇక్కడి బాప్తిస్మాలు, ఖననాల నకళ్లు మద్రాసు మీదుగా లండన్ వెళ్లాయి. బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు రికార్డుల్లో మద్రాసు భాగం ఎన్/2 అన్న వరస. ఫిబిస్ అన్న సంఘం సైట్‌లో ఉచితంగా వెతకవచ్చు. అయితే మెథడిస్టు నకళ్లన్నీ లండన్ చేరలేదు. అక్కడ మీ అవసరం పడుతుంది. గనుల దగ్గరి చర్చిల్లో పాత ఖనన రిజిస్టరు ఉందేమో పాస్టరు గారిని అడిగి, ఆయన అనుమతితో పేజీకి పేజీ ఫోటో తీయండి. సమాధులుంటే రాయి మీద పక్కనుంచి ఎండ పడే పొద్దున పూట తీయండి, అరిగిన అక్షరాలు లేచి కనబడతాయి. రాయి మీద సున్నం గాని, పొడి గాని రుద్దకండి. చనిపోయిన సంవత్సరం, వయసు, తండ్రి పేరు, ఈ మూడూ ఆమెకు పంపితే చాలు, మిగతాది ఆమె అక్కణ్నుంచి చూసుకోగలదు.