చలి పొద్దుల్లో బ్రెడ్డూ, నారూ

విశాఖపట్నం, సీతమ్మధార
ధనుర్మాసం, ఆదివారం

చిరంజీవి బుజ్జికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి ఫోనులో నీ గొంతు విని ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదేమోనని హడలిపోయాను. తీరా చూస్తే బ్రెడ్డు పిండి పొంగలేదు, మిరప గింజ మొలవలేదు, అదీ సంగతి. ఫోనులో చెబితే సగం వింటావు, సగం మరిచిపోతావు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ఫ్రిజ్ తలుపుకి అంటించుకో.

మన విశాఖ చలిని చూసి లంబసింగి వాళ్ళు నవ్వుతారు. వాళ్ళకి పది డిగ్రీల లోపుకి దిగితే చలి, మనకి తెల్లవారుజామున 18 కాగానే స్వెట్టర్లు బయటికి వస్తాయి. అయితే ఈస్టూ మిరప గింజా మనకంటే సుకుమారాలు. 28, 30 డిగ్రీల దగ్గర గంటన్నరలో రెట్టింపయ్యే ముద్ద 18, 20 దగ్గర మూడు నాలుగు గంటలు తీసుకుంటుంది. ఇడ్లీ పిండి విషయంలో మీ అమ్మ చేసేది చూడలేదూ? వేసవిలో పడుకోబోయే ముందు రుబ్బేది, ఈ నెలలో సాయంత్రం దీపాల వేళకే రుబ్బి, గిన్నెకు దుప్పటి చుట్టి మూల పెడుతుంది. బ్రెడ్డుకీ అదే లెక్క. నువ్వు గంటకే గిన్నె మూత తీసి, పొంగలేదని తిట్టుకుంటూ ఓవెన్‌లో పెట్టేశావు. అది రాయి కాక మరేమవుతుంది!

ముందు ఈస్టు బతికుందో లేదో చూసుకో. నీది పెదవాల్తేరు, కిటికీ తీస్తే సముద్రపు గాలి. ఆ తేమకి తెరిచిన ఈస్టు పొట్లం డబ్బాలో బయటే ఉంటే కొన్ని వారాల్లో నీరసించిపోతుంది. బిగుతు మూత సీసాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచు. అనుమానం వస్తే పావు గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో చిటికెడు పంచదార, అర చెంచా ఈస్టు వేసి పది నిమిషాలు ఆగు. పైన నురగ కడితే మంచిదే, లేకపోతే చెత్తబుట్టకే. గోరువెచ్చని అంటే పసిపిల్లకి స్నానం పోసేంత వెచ్చన, అంతకు మించి వద్దు. రిటైరైన కొత్తలో నేను కాఫీకి కాచిన నీళ్ళు సరాసరి ఈస్టు మీద పోశాను. 60 డిగ్రీలకే అది చచ్చిపోతుందని అప్పుడు తెలియదు. ఆ రోజు తయారైన బ్రెడ్డుని మీ అత్తయ్య వారం రోజులు వీధి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టింది. వచ్చినవాళ్ళందరికీ చూపించింది కూడా.

కొలతలు రాసుకో. మైదా 300 గ్రాములు, గోధుమ పిండి 200, నీళ్ళు 330 మిల్లీలీటర్లు, ఉప్పు 9 గ్రాములు, రెండు చెంచాల నూనె, ఒక చెంచా పంచదార. గోధుమ పిండి మరలో ఆడించినదైతే నీళ్ళు ఇంకాస్త పీలుస్తుంది, చేతిని బట్టి పోసుకో. కలిపి అరగంట వదిలేసి, తరువాత పిసుకు. నిమ్మకాయంత ముద్ద తీసి రెండు చేతులతో సాగదీసి దీపానికెదురుగా పట్టుకుంటే, చిరగకుండా పొరలోంచి వెలుగు కనిపించాలి. మొదటి రోజు నాకు పావుగంట పిసికినా రాలేదు. నీకు నా కంటే ఓపిక ఉంది.

ఇక ఈస్టు. పగలు చేసుకుంటే 5 గ్రాములు. నేను మాత్రం చలికాలంలో పావు చెంచాతోనే సరిపెడతాను. రాత్రి పదింటికి కలిపి, మూతపెట్టి వంటింటి గట్టు మీద వదిలేస్తాను. పొద్దున ఆరింటికి గిన్నె నిండా బుడగలతో ఉంటుంది, మెల్లగా పొంగిన ముద్దకి రుచీ ఎక్కువే. మే నెలలో ఇలా చేస్తే పుల్లబడి కూలబడుతుంది, ఈ రెండు నెలలే ఆ భోగం. పొంగిందో లేదో గడియారం చెప్పదు, పిండి అద్దిన వేలితో ఒక్కసారి గుచ్చు. గుంట మెల్లగా, సగం వరకే పూడితే సిద్ధం. గభాలున పూడితే ఇంకా ఆగాలి. అచ్చులో సర్ది, అంచు దాటేవరకు మళ్ళీ పొంగనిచ్చి, ముందే వేడెక్కిన ఓవెన్‌లో 200 డిగ్రీల మీద 35 నిమిషాలు. తిప్పి అడుగున వేలితో కొడితే తబలా మోత రావాలి. చల్లారకముందు కోయకు, లోపలంతా బంకగా ఉంటుంది. ఈ ముక్క మీ అత్తయ్యకి ఎన్నేళ్ళుగా చెబుతున్నానో.

తొందరగా పొంగాల్సినప్పుడు ఒక థర్మోకోల్ పెట్టె చాలు. ఫిషింగ్ హార్బర్ పెట్టెలు చవకే కానీ ఆ వాసన ఏ జన్మకీ వదలదు, మందుల షాపులో అడుగు. అందులో వేడినీళ్ళ సీసా ఒకటి, పక్కన ముద్ద గిన్నె పెట్టి మూత వేయి. రెండు గంటలకోసారి సీసా మార్చు. ఆ ముద్ద బయటికి రాగానే అదే పెట్టెలోకి గింజల ట్రే వెళ్ళాలి. మిరపకు 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం కావాలి. నువ్వు ట్రేని కిటికీ రాతి గట్టు మీద పెట్టి రోజూ నీళ్ళు పోశావు. చన్నీళ్ళలో నాని కుళ్ళిపోయి ఉంటాయి, మళ్ళీ వేయి. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), వర్మీకంపోస్టు సగం సగం కలిపి, గింజ మందానికి రెండింతలే పైన కప్పు. టమాటా వారంలోపు తొంగి చూస్తుంది, వంగ ఇంకో రెండు రోజులు, మిరప పది పన్నెండు రోజులైనా పడుతుంది.

ఇక్కడే నేను దెబ్బతిన్నాను. మొదటి గింజ వంగిన మెడతో మట్టిని ఎత్తుతుంటే చూసి, ఇంకాసేపు వెచ్చగా ఉండనీ అని పెట్టె మూసేసి అనకాపల్లి పెళ్ళికి వెళ్ళాను. రెండు రోజుల తరువాత మూత తీస్తే లోపల నారు లేదు, సేమ్యా ఉంది. తెల్లగా, వేలెడు పొడవున, ఒకదాని మీద ఒకటి వాలిపోయి. మొలిచేదాకా వెచ్చదనం కావాలి, మొలిచిన పూట నుంచి వెలుతురు కావాలి. ఒక్క మొలక కనిపించినా ట్రే బయటికి తీసేయి. ఈ నెలలో సూర్యుడు దక్షిణాన వాలి ఉంటాడు కనుక మీ దక్షిణపు కిటికీ అద్దం లోపలిదాకా ఎండ పడుతుంది, అదే దానికి చోటు. సముద్రం వైపు బాల్కనీలో ఇప్పుడే పెట్టకు, ఉప్పుగాలికి లేత ఆకుల అంచులు మాడతాయి. ట్రేని రోజూ తిప్పు, లేకపోతే ఒకే పక్కకి వాలతాయి. వెళుతూ వస్తూ అరచేత్తో తలల మీద మెల్లగా నిమిరితే కాండం గట్టిపడుతుంది. నవ్వకు, నిజమే.

నీళ్ళు పైనుంచి పోయకు. ట్రేని పళ్ళెంలో పెట్టి పొద్దున అడుగు నుంచి పీల్చుకోనిచ్చి, మిగిలినవి పారబోయి. రాత్రి తడి ఉంటే నారుకుళ్ళు పట్టుకుంటుంది. మొదలు దారంలా సన్నబడి, నిలబడ్డ మొక్క ఉన్నట్టుండి పడిపోతుంది. పడినవాటిని తీసేసి గాలి ఆడనివ్వు. కోకోపీట్‌లో ముందే కొంచెం ట్రైకోడెర్మా, అంటే మొక్కకు మేలు చేసే బూజు పొడి, కలిపితే ఆ బెడద చాలావరకు తగ్గుతుంది.

టమాటా నారు నెల లోపే కుండీకి వస్తుంది, మిరప నలభై రోజులు. దానికి ముందు వారం రోజులు బాల్కనీలో మొదట గంట, తరువాత రెండు గంటలు అలవాటు చెయ్యి. టమాటా మాత్రం ఆలస్యం చేయకు. వేసవిలో రాత్రుళ్ళు కూడా వేడిగా ఉంటే పూత రాలిపోతుంది, కాయ నిలవదు. మిరపా వంగా ఆ మాత్రం వేడికి తట్టుకుంటాయి.

భోగి నాడు ఉదయం వస్తాను. ముందురోజు రాత్రి పదింటికి పిండి కలిపి ఉంచు. ఈస్టు పావు చెంచా, గుర్తుందిగా? వెన్న నేను తెస్తాను. మీ అత్తయ్య తలుపుకి అడ్డం పెట్టిన కథ మళ్ళీ చెబుతుంది, విననట్టు ఉండు.

మీ మామయ్య