మా అమ్మాయి ఒపెరా పాడతానంటోంది

ప్రశ్న: మా అమ్మాయికి 22 ఏళ్లు. డిగ్రీ అయింది. ఏడేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకుంది, చర్చి క్వయర్‌లో పాడుతుంది, లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్ల సంగీత పరీక్షల్లో గ్రేడ్ 8 పాసైంది. ఇప్పుడు ఒపెరాలో, అంటే పాటలతోనే నడిచే పాశ్చాత్య నాటకంలో, సొప్రానో (ఆడగొంతుల్లో అన్నిటికన్నా పై స్థాయిలో పాడేది) అవుతానంటోంది. రోజూ యూట్యూబ్ పెట్టుకుని మోత్సార్ట్ ఒపెరా 'మ్యాజిక్ ఫ్లూట్'లోని రాత్రి రాణి పాట సాధన చేస్తుంది. సాయంత్రానికి గొంతు బొంగురుపోతోంది. ఇల్లు తాకట్టు పెట్టి విదేశాలకు పంపుదామా అని నేనంటే, ఇందులో తిండి దొరుకుతుందా అని వాళ్ల నాన్నగారి టెన్షన్. మీరేమంటారు?
- ఒక తల్లి, గాజువాక

జవాబు: అమ్మా, ముందు ఆ రాత్రి రాణి పాట ఈ రోజే ఆపించండి. బొంగురు రెండు వారాలు దాటి ఉంటే ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి. మిగతావన్నీ ఆ తర్వాతే.

అయిదు శ్రుతిలో పాడే అమ్మాయి అనుకుని లెక్క చెబుతాను. కచేరీలో మనం మామూలుగా తారస్థాయి పంచమం దాకా వెళతాం. సొప్రానో అన్నాక ఆ పై స్థాయిలో మధ్యమం అందాలి. రాత్రి రాణి అక్కడా ఆగదు, ఆ స్థాయి నిషాదాన్ని ముట్టుకుంటుంది. సొప్రానోల్లో కూడా అది అందరికీ పలకదు. మన సాధనలో ఛాతీలోంచి వచ్చే నిండు గొంతునే పైకి తీసుకెళతాం. దాన్నే అంత ఎత్తుకు తోస్తే గొంతు రాసుకుపోతుంది. తలలో మోగే గొంతుని వేరే పెంచుకోవాలి.

ఇది నేను పడి నేర్చుకున్నది. నా 23వ ఏట ఒక పోటీ కోసం నాచేత పుచ్చీని ఒపెరా 'టోస్కా'లో పాట పాడించారు. ముదిరిన గొంతు మోయాల్సిన బరువది. చప్పట్లు బాగానే పడ్డాయి. ఆ తర్వాత ఐదు నెలలు, పాత పోస్టాఫీసు దగ్గర పియానో నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు చేతి సైగలతోనే పాఠం చెప్పాను.

అందుకే, మీ పాపలాగే కర్ణాటకం నుంచి వచ్చిన ఒకమ్మాయి చేత ఎనిమిది నెలలు పాటే పాడించలేదు. పక్కటెముకల మీద చేతులు పెట్టుకుని ఊపిరి తీసుకోవడం, 'ఊ' అనడం, అంతే. ఒక మధ్యాహ్నం, మన విశాఖ ఉక్కపోతలో, చప్పుడు అడ్డమని ఫ్యాన్ ఆపేసి కూర్చున్నాం. ఆ అమ్మాయి తేలిగ్గా పై షడ్జం అంది. వంటింటి గూట్లో స్టీలు గ్లాసులు గుయ్‌మన్నాయి. పాడటం ఆపి వాటి వంక చూసి, "నేను గట్టిగా అనలేదు మేడం" అంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒపెరాలో మైకుండదు. అరవై డెబ్భై మంది వాయిస్తుంటే, వాళ్ల మీదుగా గొంతు వెనక వరసకి చేరాలి. చేర్చేది ఆ మోతే, బలం కాదు.

భాష విషయంలో మన పిల్లలు అదృష్టవంతులు. ఇటాలియన్‌లో త, ద మనవిలాగే పళ్లకు తగిలి పలుకుతాయి. మాటలు చాలావరకు అచ్చుతోనే ముగుస్తాయి. ద్విత్వం తప్పితే అర్థమే మారిపోతుంది: 'ఫాతో' అంటే విధి, 'ఫాత్తో' అంటే చేసినది. ఈ తేడా మన చెవికి ఎవరూ నేర్పక్కర్లేదు. జర్మన్ మాత్రం కూర్చుని చదవాల్సిందే.

ఇక నాన్నగారి ప్రశ్న. ముంబయిలో పుట్టిన ప్యాట్రీషియా రొజారియో లండన్ గిల్డ్‌హాల్ సంగీత కళాశాలలో చదివి సొప్రానోగా నిలబడ్డారు. కాబట్టి దారి లేకపోలేదు, కానీ చాలా నిదానం. జర్మనీలో ప్రభుత్వ సాయంతో నడిచే ఒపెరా హౌస్‌లు 80 దాకా ఉన్నాయి. వాటి బృందంలో చోటు దొరికితే నెల జీతం వస్తుంది. బయట పాడేవాళ్లకు ఎక్కువగా ప్రదర్శనకింత అని ఇస్తారు, జలుబు చేసి పాడకపోతే ఆ రాత్రి డబ్బు రాకపోవచ్చు. మొదట దొరికేవి చిన్న పాత్రలు. మోత్సార్ట్ 'ఫిగారో పెళ్లి'లో పోయిన గుండుసూది వెతుక్కుంటూ పాడే తోటమాలి కూతురు బార్బరీనా లాంటివి. లేదంటే 'కవర్': పాత్ర మొత్తం నేర్చుకుని, అసలు గాయనికి ఒంట్లో బాగోకపోతే ఎక్కడానికి సిద్ధంగా ఉండటం.

వయసు గురించి బెంగ వద్దు. ఆడపిల్ల గొంతు కుదురుకునేది ఇరవైల చివర్లోనే. ఈలోగా చెన్నైలో ఏ.ఆర్. రహమాన్ 2008లో పెట్టిన కె.ఎం. మ్యూజిక్ కన్జర్వేటరీలో పాశ్చాత్య గాత్రం చెబుతారు, వాకబు చేయండి. జర్మనీ ప్రభుత్వ సంగీత కళాశాలల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేదు. బతుకు ఖర్చు మాత్రం మీదే, ప్రవేశానికి పాడి మెప్పించాలి. సీటు చేతికొచ్చే దాకా ఇంటి కాగితాలు బీరువాలోంచి తీయకండి.

గొంతు బాగయ్యాక ఒక ఆదివారం, ఆరాధన అయిపోయి జనం వెళ్లాక, మైకు ఆపించి ఏదైనా చిన్న పాట పాడమనండి. మీరు చివరి బెంచీలో కూర్చోండి. మాటలు తెలుస్తున్నాయా, మెడ నరాలు లేస్తున్నాయా, ఈ రెండూ చూసి నాకు మళ్లీ రాయండి.