జాంబీని జీవచ్ఛవం అనొచ్చా?

సందేహం: 1988లో వచ్చిన ‘రిటర్న్ ఆఫ్ ది లివింగ్ డెడ్ పార్ట్ టూ’ చిన్నప్పుడు క్యాసెట్‌లో అరిగిపోయేలా చూశాను. మొన్న మళ్లీ చూసి తెలుగులో నాలుగు ముక్కలు రాశా. జాంబీలకి ‘జీవచ్ఛవాలు’ అనీ, క్యాంపీ కామెడీకి ‘శిబిర హాస్యం’ అనీ పెట్టాను. ఫ్రెండ్ పడీపడీ నవ్వాడు. తప్పేంటి? నాస్టాల్జియాకి మన మాటేంటి?

సమాధానం: శిబిర హాస్యం చూసి నేనూ నవ్వాను, ఏమనుకోకండి. ఆ క్యాంప్‌కీ గుడారాలకీ సంబంధం లేదు బాబూ, తెలిసి తెలిసి చేసే అతి అది. ‘అతి’ అన్న రెండక్షరాల మాట చేతిలో ఉండగా అనువాదం చేసే మెషీన్‌ని అడిగి తెచ్చుకోవడం ఏం అలవాటో.

ఇక జీవచ్ఛవం. సంధి మీకు తెలిసే ఉంటుంది, అర్థం దగ్గరే తిరగబడింది. ప్రాణం ఉండీ శవంలా ఉన్నవాడు జీవచ్ఛవం, బెంగతోనో రోగంతోనో కుంగిపోయినవాణ్ణి అంటాం. జాంబీ చచ్చి కూడా తిరిగేది. లివింగ్ డెడ్‌కి ముక్కకి ముక్క సరిపోయింది కదా అని అతికిస్తే ఎలా?

నన్నడిగితే పీనుగు అనండి. ఈ మాటని తిట్లకీ, తాగి పడిపోయినవాళ్లకీ వదిలేశాం గానీ ఎంత పాత మాటో తెలుసా? తమిళంలో, మలయాళంలో పిణం, పాత కన్నడంలో పెణ, తర్వాత పాలు హాలు అయినట్టు, పులి హులి అయినట్టు ఆ పెణ కాస్తా హెణ అయింది. మనది పీనుఁగు. ఆ అరసున్న ఊరికే పెట్టింది కాదు, వెనక పీనుంగు అని నిండుసున్న ఉండేది, అరసున్నలు దండగని తీసిపారేశాక మాట వయసు చూపించే ఆ ముడత కూడా పోయింది, ఇది వేరే గొడవలెండి, మొదలుపెడితే ఆపను. దీనికే నడ చేరిస్తే నడపీనుగు. వాకింగ్ డెడ్ అంటే ఆహా అనేవాళ్లు నడపీనుగు అంటే మొహం చిట్లిస్తారు! అదీ బతికున్న నీరసం మనిషికి చెప్పే మాటే కదా అంటారేమో, నిజమే, కానీ అక్కడ అసలు మాట పీనుగు, నడక దానికి తగిలించింది. జీవచ్ఛవంలో ముందు ప్రాణమే ఉంది.

పోనీ బేతాళుడు అందామా అంటే, అతను శవంలో దూరినవాడు, పైగా కథలు చెప్పి చిక్కుప్రశ్నలేస్తాడు, ఈ సినిమా జాంబీల్లా మెదడు తినడు. జాంబీ హైతీ నుంచి వచ్చిన మాట, అలాగే ఉంచినా తప్పు లేదు.

నాస్టాల్జియా 1688లో హోఫర్ అనే వైద్యుడు గ్రీకు ముక్కలతో కట్టిన రోగం పేరు, ఇంటికి తిరిగిపోవాలనే బాధ. బెంగ అంటే సరిపోదూ? మీ సినిమాలోనే ఉందది. 1985 నాటి మొదటి భాగంలో జాంబీలుగా మార్చే గ్యాస్ పీల్చి పోయిన నటులు జేమ్స్ కారెన్, థామ్ మాథ్యూస్ ఇద్దరూ రెండో దాంట్లో వేరే పేర్లతో వచ్చి మళ్లీ అదే గ్యాస్ పీలుస్తారు, మనం ఇక్కడికి ముందే వచ్చినట్టుంది అనుకుంటారు కూడా. కథ సాగలేదు, మళ్లీ మొదలైంది, అందుకే ఈ సీక్వెల్‌ని ‘కొనసాగింపు’ అనడానికి నాకు మనసొప్పదు, రెండో భాగం అనండి చాలు.

అయితే ఒక్క చిక్కుంది. మొదటి సినిమాలో అంబులెన్స్ వాళ్లొచ్చి చూస్తే ఆ ఇద్దరికీ నాడి లేదు, బీపీ లేదు, ఒళ్లు గది అంత చల్లగా ఉంది, వాళ్లేమో ఒళ్లు నొప్పులని మూలుగుతూ మాట్లాడుతున్నారు. మెదడు కావాలని అడిగాక పీనుగులే, అందులో డౌట్ లేదు. అడిగేలోపు ఆ కాసేపూ మాత్రం, మీరు జీవచ్ఛవాలు అని రాస్తే నేను కొట్టేయను.