భయానక కథలు రాయడాన్ని వృత్తిగా ఎంచుకోవచ్చా?

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. హారర్ కథలు రాస్తుంటాను. స్నేహితులు బాగున్నాయంటారు కానీ పత్రికలకు పంపినవన్నీ తిరిగి వస్తున్నాయి. ‘భయం కలగలేదు’ అని ఒక సంపాదకులు రాశారు. చదువు మానేసి పూర్తిగా రచన మీదే దృష్టి పెట్టాలని ఉంది. ఇందుకు ప్రత్యేకమైన కోర్సులేమైనా ఉన్నాయా?

జవాబు: ఉపాధికి సంబంధించిన సమాధానం చిన్నది కనుక దానిని ముందే చెబుతాను. చదువు మానవద్దు. కథలు మాత్రమే రాసి జీవించగలిగేవారు ఏ భాషలోనైనా కొద్దిమందే, వారిలోనూ చాలామంది ఆ స్థితికి చేరేలోగా వేరే ఉద్యోగం చేసినవారే. 1897లో ‘డ్రాకులా’ వెలువడినప్పుడు బ్రామ్ స్టోకర్ లండన్‌లోని లైసియం థియేటర్‌కు మేనేజరుగా ఉన్నాడు. ఎం.ఆర్. జేమ్స్ ప్రాచీన రాతప్రతుల పండితుడు, దెయ్యాల కథలను మిత్రులకు చదివి వినిపించడం కోసం రాసేవాడు. స్టీఫెన్ కింగ్ 1974లో అచ్చయిన తన మొదటి నవలను బడిలో ఇంగ్లిష్ పాఠాలు చెబుతున్న కాలంలోనే రాశాడు. నెలజీతం ఉన్న రచయితకు ఒక కథ తిరిగి వస్తే బాధ కలుగుతుంది. జీతం లేని రచయితకు ఆ నెల గడవదు, అప్పుడు ఏది తొందరగా అమ్ముడవుతుందో అదే రాయవలసి వస్తుంది.

ఇక మీరు నిజంగా ఆలోచించవలసింది ఆ సంపాదకుల మాట గురించి. మీ కథలను నేను చూడలేదు గానీ, ఈ దశలో ఉన్నవారి కథల్లో తరచుగా కనిపించే లోపం ఒకటుంది. నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో భరతుడు భయానక రసానికి విభావాలను, అనుభావాలను వేరుచేసి చెప్పాడు. వికృతమైన ధ్వనులు, నక్కల కూతలు, శూన్యగృహాలు, అరణ్యాలు విభావాలు, అంటే భయానికి కారణాలు. కాళ్లూ చేతులూ వణకడం, ఒళ్లు గగుర్పొడవడం, ముఖం పాలిపోవడం, గొంతు మారడం అనుభావాలు, అంటే కలిగిన భయం పైకి కనిపించే తీరు. కొత్త రచయితల కథల నిండా ఈ రెండో రకమే ఉంటుంది. నాయిక వణికిందనీ, చెమటలు పట్టాయనీ, గుండె ఆగినంత పనయిందనీ పేజీలకు పేజీలు రాస్తే ఆమె భయపడిందన్న సమాచారం పాఠకుడికి చేరుతుందే తప్ప, అతను భయపడడానికి తగిన కారణం అతని చేతికి అందదు. మొదటి రకం రాసేవారైనా భరతుని పట్టికలో ఉన్న పాడుబడిన ఇంటినే మళ్లీ ఎంచుకుంటారు. నాటకం చూసేవారికి శూన్యగృహం ఒకప్పుడు భయం కలిగించి ఉండవచ్చు, నేటి పాఠకుడు మాత్రం దానిని చూడగానే ఇక్కడ దెయ్యం వస్తుందని సిద్ధపడి కూర్చుంటాడు.

అందువల్ల కారణాన్ని మామూలు జీవితంలోంచి తీసుకోండి. ఒక ఉదాహరణ చెబుతాను. ఒంటరిగా ఉంటున్న ఒక స్త్రీ రోజూ రాత్రి తలుపు గడియ వేసి పడుకుంటుంది. ఒక ఉదయం గడియ వేసినది వేసినట్లే ఉంది గానీ, గుమ్మానికి లోపలి వైపున ఆమెవి కాని చెప్పుల జత ఒకటి గది వైపు తిరిగి ఉంది. ఎవరో మరచిపోయి ఉంటారనుకుని ఆమె వాటిని బయట పడేస్తుంది. మరునాడు అవి మళ్లీ లోపలే, మంచానికి ఒక అడుగు దగ్గరగా ఉంటాయి. ఇందులో రక్తం లేదు, కేక లేదు, ‘భయంకరమైన’ అన్న విశేషణం కూడా లేదు. మూడో రోజు ఏం జరుగుతుందో ఊహించే పని పాఠకుడే చేస్తున్నాడు, అతని ఊహ రచయిత వర్ణన కన్నా అతనికి సరిగ్గా సరిపోయే భయాన్ని తయారుచేస్తుంది.

ఇంతవరకూ రాయడం తేలిక. ఇక్కడినుంచి కథ నిలబడాలంటే మీరు రెండు ప్రశ్నలకు సమాధానం తెలుసుకుని ఉండాలి. ఆ వింత ఏ నియమానికి కట్టుబడి ఉంది? అది ఏమైనా చేయగలదంటే పాఠకుడికి లెక్క అందదు, లెక్క అందనివాడు ఎదురుచూడడు, ఎదురుచూడనివాడు భయపడడు. గడియ వేసిన రాత్రి మాత్రమే చెప్పులు కదులుతాయని నియమం పెట్టండి. వెంటనే ఆమెకు ఒక ఎంపిక ఎదురవుతుంది: తలుపు తెరిచి ఊరందరికీ భయపడుతూ పడుకోవాలా, మూసి ఆ ఒక్కదానికి భయపడాలా? రెండో ప్రశ్న ఇంకా ముఖ్యమైనది, నా దృష్టిలో ఎక్కువ హారర్ కథలు ఓడిపోయేది దాని దగ్గరే. ఆమె ఆ ఇల్లు వదిలి ఎందుకు వెళ్లిపోదు? ఏళ్ల క్రితం తప్పిపోయిన కొడుకుకు తెలిసిన చిరునామా అదొక్కటే అనుకోండి. అప్పుడు ఆమె ఉండిపోవడానికి కారణం దొరకడమే కాకుండా, ఆ చెప్పులు ఎవరివన్న అనుమానం కూడా మరో రూపం తీసుకుంటుంది. వచ్చేది కొడుకే అయితే ఆమె భయపడాలా, సంతోషించాలా? ముగింపులో దీనిని మీరు విప్పి చెప్పనవసరం లేదు, అయితే రెండు అర్థాలకూ తగిన ఆధారాలు కథలోనే ఉండాలి. రచయితకే తెలియని విషయాన్ని అస్పష్టత పేరుతో వదిలేస్తే సంపాదకులు వెంటనే పసిగడతారు. అంతా కల అనీ, కథ చెబుతున్నవాడే చనిపోయాడనీ తేల్చే ముగింపుల జోలికి పోకండి.

జుగుప్సను గురించి కూడా ఒక మాట చెప్పాలి. భరతుడు భయానకాన్నీ బీభత్సాన్నీ వేర్వేరు రసాలుగా లెక్కించాడు: మొదటిదానికి స్థాయీభావం, అంటే రసానికి మూలమైన నిలకడ భావం, భయం, రెండోదానికి జుగుప్స. ఇంగ్లిష్ నవలా రచయిత్రి ఆన్ రాడ్‌క్లిఫ్ మరణానంతరం 1826లో అచ్చయిన వ్యాసం కూడా మనసును మేల్కొలిపే భీతినీ, దానిని గడ్డకట్టించే భీతినీ విడదీసింది. ఛిద్రమైన శరీరాలను వర్ణించవద్దని నేను అనను, అయితే పాఠకుడు ముఖం తిప్పుకున్న క్షణంలో అతని ఎదురుచూపు కూడా తెగిపోతుందని గుర్తుంచుకుని రాయండి. మానసిక రోగినో, వికలాంగుడినో భయానికి సులభమైన గుర్తుగా వాడడం అన్యాయం మాత్రమే కాదు, రచనగా సోమరితనం కూడా.

నవల జోలికి ఇప్పుడే వెళ్లకండి. చిన్న కథ ఒక్కసారి కూర్చుని లేవకుండా చదివేదిగా, ఒకే ప్రభావం కోసం రాసినదిగా ఉండాలని అమెరికన్ కథకుడు ఎడ్గార్ ఎలన్ పో 1842లో ఒక సమీక్షలో వాదించాడు. చదవడానికి పట్టే కాలం అరగంట నుంచి ఒకటి రెండు గంటలని కూడా చెప్పాడు. హారర్‌కు ఈ మాట మరీ వర్తిస్తుంది, ఎందుకంటే పాఠకుడు పుస్తకం మూసి వేరే పనికి లేచిన ప్రతిసారీ బిగువు సడలుతుంది. రెండు వేల మాటల్లో ముగిసే కథలు రాయండి, కొన్నాళ్లు పక్కన పెట్టి, తర్వాత గొంతెత్తి చదువుకోండి. స్నేహితులను ‘బాగుందా’ అని అడగకండి. ఎక్కడ ముగింపును పసిగట్టారో, ఎక్కడ ఆసక్తి తగ్గిందో పేజీ మీద గీత పెట్టి ఇమ్మనండి. ఇద్దరు ముగ్గురు ఒకేచోట గీత పెడితే తిరగరాయవలసింది అక్కడే.

కోర్సుల విషయానికి వస్తే, సృజనాత్మక రచనకు విశ్వవిద్యాలయ స్థాయి శిక్షణ ఉంది. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయపు రచనా కార్యశాల 1936 నుంచీ నడుస్తోంది. ఇటువంటి చోట్ల లభించేది గడువులూ, మొహమాటం లేని పాఠకులూ. పట్టా చూసి ఏ సంపాదకుడూ కథ తీసుకోడు. మీరు చదువుతున్నది ఏ డిగ్రీ అయినా పూర్తి చేయండి, పీజీకి వెళ్లదలిస్తే సాహిత్యం, మనస్తత్వశాస్త్రం, జానపద విజ్ఞానం ఈ రచనకు నేరుగా ఉపయోగపడతాయి. ఉద్యోగాల్లో ఎడిటింగ్, అనువాదం, ప్రకటనల రచన, ఆడియో నాటకాలు, వెబ్ సిరీస్‌లు, వీడియో గేమ్‌ల కథనం మీ చేతికి సాధననూ జీతాన్నీ కలిపి ఇవ్వగలవు. వీటిలో ఆడియోను ముందు ప్రయత్నించమంటాను, శబ్దంతో మాత్రమే భయపెట్టవలసి రావడం మంచి శిక్షణ.

కథ అంగీకారం పొందిన రోజున ఒప్పందపత్రం పూర్తిగా చదివి సంతకం చేయండి. అచ్చు, ఆడియో, అనువాదం, సినిమా హక్కులు వేర్వేరు, పత్రికకు సాధారణంగా అవసరమయ్యేది మొదటి ప్రచురణ హక్కు ఒక్కటే. అన్ని హక్కులూ శాశ్వతంగా రాసివ్వమని అడిగితే ఆ వాక్యాన్ని మార్చమని మర్యాదగా కోరండి, మార్చకపోతే ఆ కథను మరో పత్రికకు పంపండి.