ఇంటి టెలిస్కోపుతో వేరే నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహాన్ని పట్టుకోగలమా?

మీ ప్రశ్న ఇది: "నా దగ్గర 6 అంగుళాల టెలిస్కోపు, ఒక కెమెరా ఉన్నాయి. సౌర కుటుంబం బయట ఉన్న గ్రహాన్ని వీటితో పట్టుకోవచ్చా, లేక అది పెద్ద సంస్థలకే చెల్లిందా?"

పట్టుకోవచ్చు. సరిగ్గా మీలాంటి సరంజామాతోనే నేను పట్టుకున్నాను. కాకపోతే "చూడటం" అన్న మాట ఇప్పుడే పక్కన పెట్టేయండి. మన టెలిస్కోపుల్లో గ్రహం కనిపించదు. అది తన నక్షత్రం ముందు నుంచి దాటుతున్న కాసేపూ నక్షత్రం వెలుగు రవ్వంత తగ్గుతుంది. మనం కొలిచేది ఆ తగ్గుదలనే. దీన్ని ట్రాన్సిట్ అంటారు. 1999లో హెచ్‌డీ 209458 అనే నక్షత్రం దగ్గర మొట్టమొదటి ట్రాన్సిట్‌ని పట్టినప్పుడు ఖగోళ శాస్త్రవేత్త డేవిడ్ షార్బొనో బృందం వాడినది 10 సెంటీమీటర్ల టెలిస్కోపు. మీదే దానికంటే పెద్దది, కాబట్టి అద్దం సైజు గురించి బెంగ వద్దు.

మొదటి గ్రహంగా హెచ్‌డీ 189733 బీ ని ఎంచుకోండి. డంబెల్ నెబ్యులా అనే వాయు మేఘం మీకు తెలిసే ఉంటుంది. దానికి తూర్పుగా పావు డిగ్రీ దూరంలో, అంటే చందమామ వెడల్పులో సగం దూరంలో, ఆ గ్రహపు నక్షత్రం ఉంటుంది. నెబ్యులా కోసం ఆ చోటికి నేను ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు. పక్కనే ఒక గ్రహం తిరుగుతోందని తెలియక, ప్రతిసారీ ఆ నక్షత్రాన్ని దాటేసుకుంటూ పోయాను. మనకు 64 కాంతి సంవత్సరాల దూరం. గ్రహానికి ఏడాది అంటే మన 2.2 రోజులు. ట్రాన్సిట్ సుమారు గంటా 50 నిమిషాలు సాగుతుంది, వెలుగు 2.4 శాతం దాకా పడిపోతుంది. ఈ రంగంలో అది చాలా పెద్ద తగ్గుదల. మన భూమి సూర్యుడి ముందు నుంచి దాటితే దూరం నుంచి చూసేవాళ్లకి తగ్గేది 0.008 శాతం మాత్రమే. దాని జోలికి మనం పోలేం.

ఇక నేను చెడగొట్టిన రాత్రుల సంగతి.

మొదటి రాత్రి ఫోకస్ సూది మొనలా కుదిరింది. ఫొటోలు చూసి మురిసిపోయాను. తెల్లారి కొలవబోతే నక్షత్రం మధ్యలో పిక్సెళ్లన్నీ 65,535 దగ్గర ఆగిపోయి ఉన్నాయి. కెమెరా లెక్క అంతటితో సరి, గిన్నె నిండిపోయింది. నిండిన గిన్నెలో 2 శాతం తగ్గిందో లేదో ఎలా తెలుస్తుంది? ఈ పనికి ఫోకస్ కావాలనే చెడగొట్టాలి. నక్షత్రం చుక్కలా కాకుండా మధ్యలో చిల్లున్న గారెలా కనిపించాలి. అప్పుడు వెలుగు చాలా పిక్సెళ్ల మీద పరుచుకుంటుంది, 20 సెకన్ల ఎక్స్‌పోజర్ ఇచ్చినా ఏదీ నిండదు, గాలి వల్ల వచ్చే మిణుకు కూడా ఆ 20 సెకన్లలో సర్దుకుపోతుంది. అందమైన ఫొటోలు తీసే అలవాటున్నవాళ్లకి ఇది కాస్త ప్రాణసంకటమే.

రెండో రాత్రి ఏకంగా గ్రహమే దొరికిందనుకున్నాను. ట్రాన్సిట్ మొదలవ్వాల్సింది 12:50కి. నా గ్రాఫులో 11:40కే గీత కిందికి దిగింది, కాసేపుండి మళ్లీ లేచింది. లోతు 2 శాతం! గంట ముందే ఎందుకొచ్చిందని బుర్ర బద్దలు కొట్టుకున్నాను. చివరికి చూస్తే అది సెన్సర్ ముందు గాజు మీద పడ్డ దుమ్ము నలుసు. టెలిస్కోపు సరిగ్గా ట్రాక్ చేయక నక్షత్రం ఫ్రేములో మెల్లగా జరుగుతూ వెళ్లి, ఆ నలుసు నీడలోకి దూరి బయటికొచ్చింది. నా మొదటి గ్రహం దుమ్ము అన్నమాట. ఫ్లాట్ ఫ్రేములు తీసి ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు. చీకటి పడకముందు గొట్టం మూతికి తెల్లటి గుడ్డ బిగించి, ఆకాశం వైపు తిప్పి ఓ 30 ఫొటోలు తీసుకోండి. నీడ ఎక్కడెక్కడ ఉందో వాటిలో పడుతుంది, తర్వాత ఆ మేరకు సవరించుకోవచ్చు. ఆ తీసిన కెమెరాని తెల్లారేదాకా కదపొద్దు.

మూడో ప్రయత్నంలో కుదిరింది. ట్రాన్సిట్‌కి గంట ముందు మొదలుపెట్టి, అయిపోయాక ఇంకో గంట తీశాను. ముందూ వెనకా మామూలు వెలుగు ఎంతో తెలియకపోతే మధ్యలో ఎంత తగ్గిందో చెప్పలేం. అదే ఫ్రేములో ఉన్న మరో రెండు నక్షత్రాలతో పోల్చి కొలవాలి. పలచటి మబ్బు అడ్డొస్తే అన్నీ కలిసి మసకబారతాయి, గ్రహం అడ్డొస్తే దాని నక్షత్రం ఒక్కటే తగ్గుతుంది. ఆ రాత్రి మా తమ్ముడు నిద్ర కళ్లతో వచ్చి, తెర మీద చుక్కల వరస చూసి, "గ్రహమేది అన్నయ్యా?" అన్నాడు. చుక్కలు కిందికి దిగిన చోటు చూపించాను. "ఇంతేనా" అని వెళ్లి పడుకున్నాడు. వాడి తప్పేం లేదు.

ఆ గుంట లోతు నాకు 2.6 శాతం వచ్చింది. దానికి వర్గమూలం తీస్తే 0.16. అంటే గ్రహం వ్యాసం నక్షత్రం వ్యాసంలో 16 శాతం. ఆ నక్షత్రం సూర్యుడికంటే కాస్త చిన్నదని తెలుసు కాబట్టి, గ్రహం మన గురుగ్రహం కంటే కొంచెం పెద్దదని కాగితం మీదే తేలిపోయింది. ఇదే గ్రహం వాతావరణంలో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉందని 2024లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు పరిశీలనలతో శాస్త్రవేత్తలు తేల్చారు. కుళ్లిన కోడిగుడ్ల కంపు ఉంటుందే, ఆ వాయువు. ట్రాన్సిట్ వేళ వాతావరణంలోంచి వడకట్టుకుని వచ్చే వెలుగుని రంగులుగా విడదీసి ఆ సంగతి పట్టారు.

మన కొలతలతో ఎవరికి ఉపయోగం అంటారా? ఉంది, సమయం విషయంలో. గ్రహం చుట్టు తిరిగే కాలాన్ని ఒక్క సెకను తప్పుగా లెక్కేశారనుకోండి. 2.2 రోజుల గ్రహానికి ఏడాదిలో 165 చుట్లు, అంటే 165 సెకన్ల తేడా. పదేళ్లకి అరగంటకు దగ్గరవుతుంది. ఇలాంటి గ్రహాలను వెతికే నాసా వారి టెస్ ఉపగ్రహం చాలా చోట్ల ఆకాశం ముక్కని 27 రోజులే చూసి పక్కకి జరుగుతుంది, కాబట్టి అది కనిపెట్టిన వాటిలో కొన్నింటి లెక్క ఇలాగే వదులైపోతుంది. వెబ్ లాంటి టెలిస్కోపు సమయం తప్పి చూస్తే ఎంత దండగో ఆలోచించండి. అందుకే నాసా ఎక్సోప్లానెట్ వాచ్ అనే కార్యక్రమం నడుపుతూ, మనలాంటివాళ్ల కొలతలు తీసుకుంటోంది. టెలిస్కోపు లేనివాళ్లకి ఫొటోలు కూడా వాళ్లే ఇస్తారు, కొలిచే సాఫ్ట్‌వేర్ ఉచితం. మీరు రాత్రి ఆకాశం కిందకి వెళ్లేముందు ఆ ఫొటోల మీద ఒకసారి చెయ్యి తిప్పుకోండి.

నేను తీసిన ట్రాన్సిట్ మధ్య సమయం మాత్రం అచ్చయిన లెక్కతో 4 నిమిషాలు తేడా వచ్చింది. గ్రహం ఆలస్యంగా వచ్చిందేమోనని ఓ పూట సంబరపడ్డాను. నా ల్యాప్‌టాప్ గడియారం 4 నిమిషాలు తప్పు నడుస్తోంది. మొదటి ఫొటో తీసేముందు దాన్ని ఇంటర్నెట్ సమయంతో సరిచేసుకోండి.