పట్టా చూశారు సరే, పటం చూశారా?

ఇల్లు, స్థలం, ఊరి ప్లాన్‌ల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు కర్నూలులో ఉంటున్న విశ్రాంత టౌన్ ప్లానింగ్ ఉద్యోగి జవాబులు

ప్రశ్న: అన్నా, మాది కర్నూలు పక్కన కల్లూరు. నేను మిషన్ కుడతాను, మా ఆయన ఆటో తోలుతాడు. 2019లో ఊరి బయట ఒక వెంచర్‌లో నాలుగు సెంట్ల ప్లాటు కొన్నాం. ఈసీ (స్థలం మీద ఉన్న అప్పులూ లావాదేవీలూ చూపే కాగితం) తీయించాం, లింకు డాక్యుమెంట్లు వకీలుకు చూపించాం, నాలా కన్వర్షన్ కాగితం కూడా చూశాం. రిజిస్ట్రేషన్ అయింది. ఇప్పుడు ఇల్లు మొదలుపెడదామని సర్వేయర్ దగ్గరికి పోతే, "మాస్టర్ ప్లాన్‌లో మీ సర్వే నంబరు గ్రీన్‌లో ఉందమ్మా, ప్లాన్ రాదు" అన్నాడు. వెంచర్ వాళ్లేమో "ఏం కాదు, అందరూ కడుతున్నారు, మీరూ కట్టేయండి" అంటున్నారు. రిజిస్ట్రేషన్ చేసిందీ గవర్నమెంటే కదా, మళ్లా కుదరదనేది గవర్నమెంటేనా?

జవాబు: చెల్లెమ్మా, ముందు ఒక్క మాట వినండి. పునాది తవ్వొద్దు. ఎవరు ఎంత ధైర్యం చెప్పినా తవ్వొద్దు. తర్వాత నోటీసు వచ్చేది మీ పేరు మీదే, వెంచర్ వాళ్ల పేరు మీద కాదు.

మీరడిగిన ప్రశ్నే ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ నా బల్ల ముందు నిలబడి ఎంతోమంది అడిగారు. కొందరు ఏడ్చారు కూడా. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చూసేది ఎవరు అమ్ముతున్నారు, ఎవరు కొంటున్నారు, స్టాంపు డ్యూటీ ఎంత, ఆ సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందా అని. అక్కడ ఇల్లు కట్టొచ్చా లేదా అన్నది ఆ ఆఫీసు పని కాదు. నాలా కాగితం సంగతీ అంతే. 2006 నాటి చట్టం కింద, సేద్యపు భూమిని వేరే పనికి వాడుకుంటామని రెవెన్యూ వాళ్లకు ఫీజు కట్టి తెచ్చుకున్న కాగితం అది. దాంతో మాస్టర్ ప్లాన్‌లో, అంటే ఊళ్లో ఏ జాగా దేనికని రంగులతో చూపే పటంలో, మీ రంగు మారదు. ఆ రంగు సంగతి చూసేది పట్టణాభివృద్ధి సంస్థ, ఆ పైన మునిసిపల్ శాఖ. కర్నూలుకు కుడా, అనంతపురానికి అహుడా, కడపకు అన్నమయ్య పట్టణాభివృద్ధి సంస్థ ఉన్నాయి.

ఇక గ్రీన్ అన్నాడు కదా, ఏ గ్రీన్ అని అడిగారా? పటంలో మామూలుగా ఇళ్లకు పసుపు, అంగళ్లకు నీలం, ఫ్యాక్టరీలకు ఊదా, బడులూ ఆస్పత్రులూ ఆఫీసులకు ఎరుపు వేస్తారు. ఆకుపచ్చ మాత్రం ఒకటి కాదు. లేతది సేద్యం, ముదురుది పార్కులూ ఆటస్థలాలూ. వంక పక్కన, చెరువు పక్కన వదిలిన పట్టీ కూడా పచ్చగానే కనిపిస్తుంది. ఒక్కోదానికి ఒక్కో దారి. ఈ మూడింటినీ నలుపు తెలుపు జిరాక్సు మీద చూసి "గ్రీన్" అని చెప్పేవాళ్లను నేను చూశాను, అందుకే అడుగుతున్నా.

పటం స్కేలు కూడా చూడాలి. 1:10,000 స్కేలు పటం మీద ఒక మిల్లీమీటరు గీత నేల మీద పది మీటర్లు, అంటే దాదాపు ముప్పై మూడు అడుగులు. మీ నాలుగు సెంట్లు సుమారు 194 గజాలు. పటంలో గీసిన గీత మందంలోనే మీ ప్లాటు వెడల్పంతా మునిగిపోతుంది. ఒకసారి ఒక ముసలాయన్ను ఇట్లే గ్రీన్ అని మూడు నెలలు తిప్పారు. చివరికి ఎఫ్ఎంబీ, అంటే సర్వే నంబరు కొలతల పటం తెప్పించి, సబ్ డివిజన్ (ఆ నంబరులో విడిగా కొలిచిన ముక్క) హద్దులు మాస్టర్ ప్లాన్ పటం మీద పెట్టి చూస్తే, ఆయన ముక్క గీతకు ఇవతల పసుపులోనే ఉంది. కాబట్టి మీ డాక్యుమెంటు, ఎఫ్ఎంబీ నకలు పట్టుకొని కుడా ఆఫీసులో ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్‌కు అర్జీ పెట్టండి. సర్వే నంబరు ఒక్కటే కాదు, సబ్ డివిజన్ కూడా రాయండి. జవాబు కాగితం మీద రావాలి, నోటిమాట వద్దు.

అది సేద్యపు పచ్చ అని తేలితే దారి ఉంది, కానీ పొడుగు దారి. భూ వినియోగ మార్పిడికి దరఖాస్తు పెట్టాలి. ఒక్క నాలుగు సెంట్లకు పెడితే నెగ్గుకురావడం కష్టం, వెంచర్‌లో ప్లాట్లు కొన్నవాళ్లంతా కలిసి పెట్టండి. ముసాయిదా గెజెట్‌లో వేసి, పదిహేను రోజుల్లో అభ్యంతరాలు చెప్పమంటారు. ఆ తర్వాత ఫీజు కట్టించుకొని ప్రభుత్వం జీవో ఇస్తుంది. లేఔట్‌కు అనుమతి లేకపోతే అది ఇంకో ముడి. 2017 లేఔట్ రూల్స్ ప్రకారం పది శాతం స్థలం ఖాళీగా వదిలి పంచాయతీకో కార్పొరేషన్‌కో గిఫ్ట్ డీడ్ రాసివ్వాలి. రోడ్లూ కాలువలూ పూర్తయ్యేదాకా పదిహేను శాతం ప్లాట్లు తాకట్టులో ఉండాలి. మీ వెంచర్ బ్రోచర్‌లో ఆకుపచ్చ చెట్లు గీసి పార్కు అని చూపించి ఉంటారు. ఆ గిఫ్ట్ డీడ్ చూపించమని అడగండి. అది లేకపోతే ఆ పార్కు రేపు ఎవరికో ప్లాటుగా అమ్ముడుపోతుంది. అనుమతి లేని లేఔట్లను క్రమబద్ధం చేసే పథకం ఎల్ఆర్ఎస్‌లో ప్లాటు విలువ మీద ఓపెన్ స్పేస్ చార్జీ వేసేది అందుకే. వాళ్లు వదలాల్సిన జాగాకు డబ్బు మీరు కడుతున్నారు. నాకు కడుపు మండేది ఇక్కడే.

నీటి పక్కన వదిలిన పట్టీ అని తేలితే మాత్రం నన్ను కూడా దారి అడగొద్దు తల్లీ. రూల్ ప్రకారం నదికి మునిసిపాలిటీ హద్దుల్లో యాభై మీటర్లు, బయట వంద మీటర్లు వదలాలి. పది మీటర్లు మించి వెడల్పున్న వంకకు తొమ్మిది మీటర్లు. 2009 అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచిన సంగతి మీకూ తెలిసే ఉంటుంది. నీళ్లు తీసినాక పాతబస్తీ సందుల్లో కొలతలకు పోయాము. ఒకింట్లో గోడకు బురద గీత సజ్జ పైదాకా ఉంది. ఆ సజ్జ మీదనే పిల్లల పుస్తకాలు ఉబ్బి ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. ఆ ఇంటావిడ టేపు రెండో కొన పట్టుకొని నిలబడింది, ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రోజు నుంచి నది పక్క ఫైలు ఏది వచ్చినా నా చేయి సంతకానికి లేవలేదు.

డబ్బు సంగతికొస్తే, ఐదు వందల చదరపు మీటర్లు దాటితే రెరాలో, అంటే స్థిరాస్తి వ్యాపారాన్ని అదుపు చేసే సంస్థలో, నమోదు చేయకుండా వెంచర్ అమ్మకూడదు. ప్రకటనలో అబద్ధం చెప్పి అమ్మితే కట్టింది వడ్డీతో వెనక్కి అడిగే హక్కు 2016 రెరా చట్టం 12వ సెక్షన్‌లో ఉంది. బ్రోచర్ పారేయకండి, వాళ్లు ఫోన్‌లో పంపిన మెసేజీలు చెరిపేయకండి.

ప్రశ్న: సార్, అనంతపురంలో మా సందులో అన్నీ ఇళ్లే. ఆరు నెలల కింద పక్కింట్లో గ్రానైటు కోసే మిషను పెట్టారు. మా అమ్మకు ఆయాసం. అడిగితే "నా సొంత జాగా, నా ఇష్టం" అంటున్నారు.

జవాబు: సొంత జాగాలోనూ ఇష్టం కొంతవరకే నాయనా. ఇళ్ల జోన్‌లో చిన్న అంగడి, టైలరు, డాక్టరు క్లినిక్ లాంటివి ఉండొచ్చు. రాయి కోసే మిషనుకు అక్కడ చోటు లేదు. అయినా పెట్టాడంటే ట్రేడ్ లైసెన్సు, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి, కరెంటు కనెక్షన్ రకం, ఈ మూడింట్లో ఎక్కడో లోటు ఉంటుంది. మీ సచివాలయంలో వార్డు ప్లానింగ్ కార్యదర్శి ఉంటారు. అర్జీ ఆ చేతికిచ్చి నకలు మీద సంతకం, తేదీ తీసుకోండి. నివాస ప్రాంతంలో శబ్దం పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. ఏ రోజు ఎన్ని గంటలకు మిషను ఆడిందో ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వండి. అమ్మ ఆయాసానికి డాక్టరు చీటీ కూడా జతచేయండి, అది ఊరికే పోదు.

ప్రశ్న: కడపలో డిగ్రీ చదువుతున్నాను. మాస్టర్ ప్లాన్ ముసాయిదా మీద మామూలు జనం అభ్యంతరం రాస్తే నిజంగా ఎవరైనా చదువుతారా?

జవాబు: చదువుతారు, చదవాల్సిందే. 1992లో 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూలులో మొదటి అంశం పట్టణ ప్రణాళిక, రెండోది భూ వినియోగ నియంత్రణ. ఊరి పని అని రాజ్యాంగంలోనే రాసుకున్నాక ఊరివాళ్లు రాసిన కాగితం పక్కన పడేయడానికి లేదు. మేము ప్రతి అర్జీకి నంబరు వేసి, ఎదురుగా జవాబు రాసేవాళ్లం. అయితే "మాకు అన్యాయం జరిగింది" అని రాస్తే ఎదురు రాయడానికి ఏమీ ఉండదు. సర్వే నంబరు, పటంలో చూపింది ఏమిటి, నేల మీద ఉన్నది ఏమిటి, మీరు కోరేది ఏమిటి, ఈ నాలుగూ రాయండి. గడువు తేదీ నోటిఫికేషన్‌లోనే ఉంటుంది, దాటనివ్వొద్దు.

నేను దాచుకున్న నకలు ఒకటుంది. బడి నోట్‌బుక్కులో చింపిన కాగితం మీద రాసిన అర్జీ. అరవై అడుగుల రోడ్డు మా వంక మీదుగా గీశారని ఒక ఊరివాళ్లు పెన్సిల్‌తో వంక, వేపచెట్టు, బావి గీసి, అడుగులతో దూరాలు వేసి ఇచ్చారు. మేము పోయి కొలిస్తే వాళ్ల కొలతలే సరి. ఆ రోడ్డు ఇప్పుడు బావికి అవతల పోతోంది.