మాల్థస్ లెక్క, కోయంబేడు ధర

ప్రశ్న: జనం పెరిగితే తిండి చాలదన్న ఇంగ్లండు ఆర్థికవేత్త మాల్థస్ సిద్ధాంతం మా అబ్బాయి ఎకనామిక్స్ పుస్తకంలో చూశాను. మా కోయంబేడు మార్కెట్‌కు మదనపల్లె టమాటా లోడ్లు కాస్త తగ్గగానే ధర అమాంతం ఎక్కడం కూడా అదేనా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: కాదండీ. మాల్థస్‌ది తరాల లెక్క. అడ్డేమీ లేకపోతే జనం 25 ఏళ్లకోసారి రెట్టింపవుతూ 1, 2, 4, 8 అని గుణశ్రేఢిలో పెరుగుతారనీ, తిండి 1, 2, 3, 4 అని అంకశ్రేఢిలోనే పెరుగుతుందనీ 1798లో రాశాడు. అలా 225 ఏళ్లు గడిస్తే జనం 512, తిండి 10. మొదటి వరసకు అమెరికా జనాభా ఆధారం; రెండోది ఒట్టి ఊహ. దానికి దన్నుగా చెప్పే, పొలంలో మనుషుల్ని పెంచేకొద్దీ అదనంగా వచ్చే పంట తగ్గుతుందన్న క్షీణ ప్రతిఫల సూత్రం సేద్యం పద్ధతి మారనంతవరకే. 1913లో జర్మనీలో గాలిలోని నత్రజనితో ఫ్యాక్టరీలో అమ్మోనియా తయారీ మొదలయ్యాక ఎరువు కథే మారిపోయింది.

మీ టమాటాకు పనికొచ్చేది ఇంగ్లండు గణాంకవేత్త గ్రెగరీ కింగ్ పేరుతో చెలామణిలో ఉన్న సూత్రం. 1699లో దాన్ని చార్లెస్ డావెనెంట్ అనే ఇంగ్లండు ఆర్థికవేత్త అచ్చువేశాడు: పంట 10 శాతం తగ్గితే ధర 30 శాతం పెరుగుతుంది, 20 తగ్గితే 80, 30 తగ్గితే 160. ధర పెరిగిందని ఎవరూ రసం మానరు, కిలో కొనేవాళ్లు ముప్పావు కొంటారు. దీన్నే అవ్యాకోచ డిమాండ్ అంటారు. రూ.300 చొప్పున 100 బాక్సులు అమ్మితే రూ.30,000. 90 బాక్సులే వచ్చి ధర రూ.390 అయితే రూ.35,100! సరుకు ముంచెత్తిన రోజు ఇదే లెక్క తిరగబడుతుంది, రైతు పంటను రోడ్డు మీద పారబోసేది అందుకే. అయితే కింగ్‌వి ఇంగ్లండు ధాన్యం అంకెలు, టమాటాకు అలాగే అతికించకండి. ధాన్యం గాదెలో ఆగుతుంది, పండిన టమాటా ఆగదు. పైగా చింతపండుతో సరిపెట్టుకునే ఇళ్లూ ఉంటాయి.

ప్రశ్న: కరువంటే తిండి లేకపోవడమేనా?
– అదే పాఠకురాలు

జవాబు: చేతిలో డబ్బు లేకపోవడం కూడా. డబ్బు లేని ఆకలి మార్కెట్లో డిమాండ్ కిందకు రాదు. 1800లో ఇంగ్లండులో తిండి ధరలు మండిపోతుంటే, పేదలకు ఇస్తున్న భత్యం వల్లే అంత పెరిగాయని మాల్థసే ఒక చిన్న పుస్తకం రాశాడు. కొనే డబ్బుంది కాబట్టి వాళ్లూ పోటీలో నిలబడ్డారట! మన మద్రాసులో 1876–78 కరువు నాడు ప్రభుత్వం పెట్టిన సహాయ పనుల్లో ఇచ్చిన కూలి చూడండి: 1877లో రోజుకు ఒక పౌండు ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, పైన ఒక అణా. చెన్నైలో అడయారు నదిని కూవం నదితో కలిపే బకింగ్‌హామ్ కాలువ ముక్క అప్పటి కరువు పనే.